సీలు పగలకుండా సేవించుట

దాలినాయుడికి జీవితంలో కావలసింది ఒక్క బిళ్ళ.

మందుబిళ్ళ కాదు, ఇత్తడి బిళ్ళ. అరచేతిలో సగం ఉంటుంది. ఎర్ర పట్టీకి గుచ్చి, భుజం మీంచి నడుము దాకా వాలుగా వేసుకుంటారు. మత్తు పదార్థాల వర్గీకరణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో పర్మినెంటు అటెండర్లకే అది ఇస్తారు. దాలినాయుడు పర్మినెంటు కాదు. ఇరవై రెండేళ్ల కిందట మూడు నెలల కోసం తాత్కాలికంగా తీసుకున్నారు. ఆ మూడు నెలలూ ఇంకా పూర్తి కాలేదు. ఈలోగా ఏడుగురు డిప్యూటీ డైరెక్టర్లు వచ్చారు, వెళ్లారు. ఏడుగురూ పర్మినెంటే. ఆఫీసులో కదలకుండా ఉన్నవి మూడే: దాలినాయుడు, పది నలభై దగ్గర ఆగిపోయిన గోడగడియారం, ఆ గడియారాన్ని బాగుచేయించడానికి పెట్టిన ఫైలు.

ఆరో తరగతిలో బడి మానేసిన మనిషి. అయినా ఎదుటివాళ్ల బల్ల మీద తలకిందులుగా కనపడే కాగితాన్ని, టీ కప్పు కింద పెట్టేలోగా ఆసాంతం చదివేయగలడు. ఇన్నేళ్లలో ఆఫీసు అతనికి నేర్పిన విద్య అదొక్కటే. ఆ విద్యతోనే తన పర్మినెంటు ఫైలు ఎక్కడుందో ఆరా తీస్తూ ఉంటాడు. ఈ ఏడు అది డిప్యూటీ డైరెక్టరు మృత్యుంజయరావు గారి గది దాకా వచ్చింది. గాలికి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటుంటే, రెక్కకీ గోడకీ మధ్య దాన్ని మడిచి దోపారు. లావు సరిగ్గా సరిపోయింది.

అలాంటి రోజుల్లో సముద్రం ఒడ్డు కొండ మీది శిబిరం కేసు వచ్చి పడింది.

నగరం నుంచి కంప్యూటరు ఉద్యోగస్తులు వచ్చి, తెల్లబట్టలు కట్టుకుని, మూడు రోజులు తమను తాము వెతుక్కునే చోటు అది. పోలీసులు వెళ్లేసరికి పదకొండు మంది ఉన్నారు. తమకు తాము దొరికారో లేదో గానీ, పోలీసులకు మాత్రం దొరికారు. వాళ్లతో పాటు రెండు సీసాలు. ఒకదానిలో మట్టిరంగు పొడి, రెండోదానిలో ఇంకొంచెం మట్టిరంగు పొడి. రెండూ ఏవో కొండ పుట్టగొడుగుల నుంచి తీసినవే. మొదటిదానికి 'పదార్థం-అ' అనీ, రెండోదానికి 'పదార్థం-ఆ' అనీ పేర్లు పెట్టి కోర్టు సీలు వేశారు.

అ మీద నిషేధం ఉంది. ఆ మీద లేదు. ఎందుకు లేదంటే, అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియదు.

శిబిరం తరఫు ప్లీడరు కోర్టులో నిలబడి, "ఆ అనేది అ కు పినతండ్రి కొడుకు లాంటిది. అన్న నేరం చేస్తే తమ్ముణ్ణి జైల్లో పెడతారా?" అని అడిగాడు. కోర్టు వారు ఆలోచించి, రెండిటి వల్ల కలిగే అనుభవం ఒకటే అయితే రెండూ నేరమేననీ, అనుభవం వేరైతే రెండో సీసా వాళ్లకు తిరిగి ఇచ్చేయాలనీ, ఏ సంగతో పోల్చి నెల రోజుల్లో చెప్పాలనీ సెలవిచ్చారు.

పోల్చి చెప్పడం మండలి పని. అది పుట్టిందే అందుకు. పుట్టిన నాటి నుంచి ఇంతవరకూ ఏదీ పోల్చి చెప్పలేదు, అది వేరే సంగతి.

పట్టుబడినవాళ్ల వాంగ్మూలాలు చూద్దామంటే అవొక తంతు. ఒకాయన, అ పుచ్చుకున్నప్పుడు కొండ తనతో మాట్లాడిందనీ, ఆ పుచ్చుకున్నప్పుడు కొండ తన మాట విన్నదనీ రాశాడు. ఒకావిడ అ లో రంగులు ఎక్కువనీ, ఆ లో ఏడుపు ఎక్కువనీ రాసింది. ఇంకో కుర్రాడు, మొదటిదానితో తన మేనేజరును తాను క్షమించేశాననీ, రెండోదానితో మేనేజరే తనను క్షమించాడనీ, రెండోసారే ఎక్కువ భయమేసిందనీ రాసి సంతకం పెట్టాడు.

"ఇవి ముద్దాయిల అనుభవములు. వీటికి ప్రభుత్వ గుర్తింపు లేదు," అన్నారు మృత్యుంజయరావు గారు, సమావేశం ప్రారంభిస్తూ. "ప్రభుత్వ అనుభవము కావలెను."

ఆ ప్రభుత్వ అనుభవాన్ని కొలవడానికే రాజధాని నుంచి డాక్టర్ నిహాల్ అనే కుర్ర సలహాదారు వచ్చాడు. చేతిలో ఒక ప్రొఫార్మా. ముప్పై ప్రశ్నలు, ప్రశ్నకు పది మార్కులు. కాలం ఆగినట్టుందా, వస్తువులు వాటంతట అవి కదిలాయా, తాను అనేది కరిగిపోయిందా, చెప్పలేని ఆనందం కలిగిందా, ఇలాంటివి. మూడు వందలకు ఎన్ని వస్తే అంత మత్తు. సూపరింటెండెంటు అనసూయాదేవి గారు ఆ ప్రొఫార్మాను చేతిలోకి తీసుకుని, మార్జిను కొలిచి, "చాలా బాగుంది సార్," అన్నారు. ఆవిడ ఏ కాగితాన్నీ అంత మాట అనగా దాలినాయుడు వినలేదు.

"ఇక సేవించునది ఎవరు?" అన్నారు మృత్యుంజయరావు గారు. "నేను గెజిటెడ్ అధికారిని. విధి నిర్వహణలో మత్తు సేవించిన యెడల నన్ను నేనే సస్పెండు చేసుకుని, నాకు నేనే సంజాయిషీ ఇచ్చుకొనవలసి వచ్చును."

"నాన్ గెజిటెడ్ వాళ్లకూ అదే రూలు సార్. పర్మినెంటు సిబ్బంది ఎవరూ పనికిరారు," అన్నారు అనసూయాదేవి గారు.

"అయితే ఏ రూలూ వర్తించని మనిషి కావలెను."

దాలినాయుడు అప్పుడే టీ పోస్తున్నాడు. కప్పు నింపి తలెత్తాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. నాకూ రూల్సు వర్తింపజేయండి మహప్రభో అని ఇరవై రెండేళ్లుగా అర్జీలు పెట్టుకున్నవాడికి, వర్తించకపోవడమే ఒక అర్హత అవుతుందని అప్పటిదాకా తట్టలేదు.

మృత్యుంజయరావు గారు కుర్చీ లోంచి లేచి, కిటికీలో దోపిన ఫైలును బయటికి లాగారు. రెక్క ఢామ్మని కొట్టుకుంది.

"దాలినాయుడూ, పోలిక నివేదిక ఆక్షేపణ లేకుండా వెళ్లిన మరుక్షణం దీని మీద నా సంతకం. ఏమంటావు?"

"నానేటంటాను బాబుగారూ. బిళ్ళ ఇస్తారా మరి?"

"బిళ్ళ, పట్టీ, రెండును."

*

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి పెళ్లాం సన్యాసమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది.

"ఏటి మావా, మొహం అలగెలిగిపోతన్నాది?"

చెప్పాడు. ఆమె చేతిలో చేప జారి గిన్నెలో పడింది.

"మత్తుమందు పుచ్చుకోమని గవర్నమెంటే సెప్పినాదా? మరి మా అయ్య తాగితే లోనెందుకేసినారు?"

"మీ అయ్య పోల్సి సెప్పలేదే. ఉట్టినే తాగీసినాడు."

సన్యాసమ్మ కాసేపు ఆలోచించింది. తండ్రి చేసిన పొరపాటు అదేనని ఆమెకూ తోచింది కాబోలు.

"నీకేటైనా అయితే?"

"ఏటవుతాదే? కొండ మాటాడుతాదంట. మాటాడనీ. ఆపీసులో నాతో మాటాడేవోడెవుడు?"

"బిళ్ళ నిజింగా ఇస్తారా?"

"ఇస్తారంట."

"ఇస్తే ఆదివారం ఆదివారం చింతపండెట్టి తోముతాను," అంది సన్యాసమ్మ, మళ్లీ చేపను పట్టుకుంటూ. "మా సిన్నొదిన కళ్లు సెదిరిపోవాల."

*

సోమవారం పదిన్నరకు పదార్థం-అ సీసా బల్ల మీదికి వచ్చింది. పక్కన చెంచా, గ్లాసుతో నీళ్లు, ప్రొఫార్మా. దాలినాయుడు తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మూత మీద చెయ్యి వేశాడో లేదో, అనసూయాదేవి గారు కేక పెట్టారు.

"ఆగు! సీలు!"

అందరూ ఆగారు.

"సార్, ఇది కోర్టు సీలు. కోర్టు వారి అనుమతి లేనిదే పగలగొట్టకూడదు."

"అనుమతికై వ్రాయుడు," అన్నారు మృత్యుంజయరావు గారు.

"రాశాం సార్. పోలిక నివేదిక అందిన తరువాత పరిశీలించబడును అని జవాబొచ్చింది."

మృత్యుంజయరావు గారు సీసాను చూశారు. సీలును చూశారు. దాలినాయుడి నోటిని చూశారు.

"అనగా," అన్నారు చివరికి, "సీలు పగలకుండా సేవించవలెను."

"అదెలా కుదురుతుంది సార్?" అన్నాడు డాక్టర్ నిహాల్.

అనసూయాదేవి గారు అప్పటికే రూల్సు పుస్తకం తెరిచారు. కళ్లజోడు సర్దుకుని చదివారు. "'సేవించుట అనగా తినుట, త్రాగుట, పీల్చుట, లేదా మరే ఇతర విధముగానైనను పదార్థముతో సంపర్కము పొందుట.' మరే ఇతర విధముగానైనను, సార్. చూడడమూ సంపర్కమే. గుళ్లో మనం చేసేదేమిటి? చూసి, పుణ్యం వచ్చిందనుకుని ఇంటికి పోవడం లేదూ?"

డాక్టర్ నిహాల్ రెండు నిమిషాలు గోడకేసి చూశాడు. తర్వాత అతని మొహంలో వెలుగొచ్చింది. "ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ ఈ పద్ధతిలో చేయలేదు సార్," అన్నాడు. అది నిజమే.

అలా దాలినాయుడు కుర్చీలో కూర్చుని సీసాను చూడడం మొదలుపెట్టాడు. ఆ ఆఫీసులో అతను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

గంట గడిచింది.

"అంకుల్, ఏమన్నా అనిపిస్తోందా?"

"ఏటీ లేదు బాబూ. కాళ్లు తిమ్మిరెక్కినాయి."

"ఏమీ లేదని రాస్తే పరీక్ష జరగలేదని అర్థం," అన్నారు అనసూయాదేవి గారు, పక్క బల్ల నుంచి. "ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఉన్నదున్నట్టు చెప్పు. అబద్ధం చెబితే సంజాయిషీ."

అబద్ధం చెప్పకూడదు, ఏమీ లేదనీ చెప్పకూడదు. దాలినాయుడు బిళ్ళను తలుచుకుని, దేవుడి మీద భారం వేసి, ఉన్నదున్నట్టే చెప్పడానికి సిద్ధపడ్డాడు.

"కాలం గురించి చెప్పండి అంకుల్. టైమెంత అయినట్టుంది?"

దాలినాయుడు గోడకేసి చూశాడు. "పది నలభై."

డాక్టర్ నిహాల్ రాసుకుని, భోజనాల వేళ దాటాక మళ్లీ అడిగాడు. "ఇప్పుడెంత?"

"పది నలభై బాబూ."

కుర్రాడి కళ్లు పెద్దవయ్యాయి. పదికి పది వేశాడు.

"వస్తువులు వాటంతట అవి కదిలినట్టు ఏమైనా..."

"అదిగో, ఆ పచ్చ పైలు బాబూ. పొద్దుట అమ్మగారి బల్ల మీదున్నాది. ఎవులూ సదవలేదు. ఇప్పుడు అయ్యగారి బల్ల మీదున్నాది. రేపు మళ్లీ అమ్మగారి బల్ల మీదకొచ్చీస్తాది. ఆరేళ్ల నుంచీ అలగే తిరగతన్నాది."

పది.

"ఏదో తెలియని భాష వినపడినట్టు?"

లోపలి గదిలో మృత్యుంజయరావు గారు ఉత్తరం చెప్పి రాయిస్తున్నారు. 'పైన ఉదహరించిన సూచిక యందలి సదరు విషయమునకు సంబంధించి దిగువ సంతకము చేసినవారు తెలియజేయునది ఏమనగా...'

"వినబడతన్నాది గదా బాబూ," అన్నాడు దాలినాయుడు ఆశ్చర్యంగా. "తమరికి వినబళ్లేదా?"

డాక్టర్ నిహాల్ గొంతు తగ్గించాడు. "అంకుల్, ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. నెమ్మదిగా ఆలోచించి చెప్పండి. మీరు, అంటే మీరనే మనిషి, అసలు లేనే లేనట్టు అనిపించిందా?"

"అనిపించడవేటి బాబూ. రికార్డు ప్రకారం నానిక్కడ లేను. ఇరవై రెండేళ్ల నుంచీ లేను."

కుర్రాడు కలం కింద పెట్టేశాడు. "దీనికోసం మనుషులు హిమాలయాలకు వెళ్తారు," అన్నాడు.

సోమవారం మొత్తం మూడు వందలకు రెండు వందల పదకొండు. మంగళవారం పదార్థం-ఆ సీసా పెట్టారు. అదే కుర్చీ, అదే గడియారం, అదే ఫైలు, అదే ఉత్తరం. రెండు వందల పదకొండు.

"ఒక్క మార్కు తేడా లేదు!" మృత్యుంజయరావు గారు చేతులు రుద్దుకున్నారు. "రెండు అనుభవములును ఒక్కటియే. కేసు గెలిచితిమి. ఏదయ్యా నీ ఫైలు?"

కలం మూత తీశారు. కలం పాళీ కాగితానికి వేలెడు దూరంలో ఉండగా డాక్టర్ నిహాల్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక్క రోజు మిగిలింది. ఏ సీసా లేకుండా మనిషి మామూలుగా ఎలా ఉంటాడో కొలవాలి. లేకపోతే ఈ అంకెలకు విలువ ఉండదు."

"ఏమియు సేవించనివానికి సున్నా వచ్చును. సున్నా వేసికొనుము."

"కొలవకుండా సున్నా వేస్తే ఆక్షేపణ వస్తుంది సార్," అన్నారు అనసూయాదేవి గారు.

మృత్యుంజయరావు గారు నిట్టూర్చి కలానికి మూత పెట్టారు. దాలినాయుడు కూడా నిట్టూర్చాడు గానీ, అది ఎవరికీ వినపడలేదు.

*

బుధవారం సీసా లేదు. సీసా లేదు కనుక కుర్చీ కూడా లేదు. దాలినాయుడు తన మామూలు పనిలో పడ్డాడు. డాక్టర్ నిహాల్ ప్రొఫార్మా పట్టుకుని అతని వెనకాలే తిరిగాడు.

పదకొండు గంటలకు ఒక మందుల షాపాయన వచ్చాడు. లైసెన్సు కోసం పదకొండోసారి రావడం. అనసూయాదేవి గారు రిజిస్టరు తిప్పి, "మీరు ఒక్కసారీ రాలేదని ఉంది," అన్నారు. "ఇప్పుడు వచ్చాను కదమ్మా, ఇదిగో ఎదురుగా ఉన్నాను," అన్నాడాయన. "ఉంటే నాకు తెలిసేది కదా," అన్నారావిడ రిజిస్టరు మూస్తూ. ఆయన తన చేతులు తాను తడిమి చూసుకుంటూ వెళ్లిపోయాడు. డాక్టర్ నిహాల్ వెళ్లిపోతున్న ఆ మనిషిని చూశాడు. రాసుకున్నాడు.

పన్నెండింటికి మీటింగు. ఆ మీటింగు ఎప్పుడు పెట్టాలో తేల్చడానికి. రెండున్నరకు తేలకుండా ముగిసింది. మధ్యలో పైకప్పు పెచ్చు ఊడి మృత్యుంజయరావు గారి బల్ల మీద పడింది. ఆయన దాని మీద 'చూచితిని' అని రాసి సంతకం పెట్టి పక్కకు జరిపారు. మూడింటికి పై ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తాము పంపని ఉత్తరానికి ఇంతవరకు జవాబు రానందుకు కారణం అడుగుతూ. అయిదింటిలోగా జవాబు పంపారు కూడా.

"ఇదంతా నిజంగానే జరుగుతోందా అంకుల్?" అన్నాడు డాక్టర్ నిహాల్. కుర్రాడి మొహం కొంచెం పాలిపోయింది.

"ఈరోజు తక్కువే బాబూ. బుధవారం గదా."

ఇరవై తొమ్మిది ప్రశ్నలకూ పదికి పది. చివరిదొక్కటి మిగిలింది.

"చెప్పలేని ఆనందం ఏమన్నా కలిగిందా?"

దాలినాయుడు నిజాయితీగా వెతికి చూశాడు. "అదొక్కటీ లేదు బాబూ."

సున్నా. మొత్తం రెండు వందల తొంభై.

డాక్టర్ నిహాల్ ఆ రాత్రికి రాత్రే అంకెలన్నీ పోర్టల్లో ఎక్కించేశాడు. ఎక్కించినవి తీసేసే వీలు ఆ పోర్టల్లో లేదు. తెల్లారేసరికి తీర్మానం కూడా రాసి పంపేశాడు: అ కు, ఆ కు తేడా లేదు. ఏది దగ్గరున్నా మత్తు తగ్గుతుంది. అసలు మత్తు మూడో పదార్థానిది. దానికి 'పదార్థం-ఇ' అని పేరు పెట్టడమైనది. పదార్థం-ఇ అనగా ఈ కార్యాలయము.

*

గురువారం పొద్దున్నే మృత్యుంజయరావు గారు దాలినాయుణ్ణి పిలిచారు.

"నీ నోటితో ఎంత పని చేసితివయ్యా!"

"నాను అబద్ధమాడలేదు బాబుగారూ."

"అదియే నీ నేరము."

ఫైలు తీసి మళ్లీ కిటికీలో దోపారు. రెక్క నోరు మూసుకుంది.

పదకొండింటికి పై ఆఫీసు నుంచి ఉత్తర్వు దిగింది. మూడు వందలకు నూరు దాటిన పదార్థమేదైనా ఇరవై నాలుగు గంటల్లో జప్తు చేయవలెను.

"కార్యాలయము పదార్థమెట్లగును?" అని అరిచారు మృత్యుంజయరావు గారు.

అనసూయాదేవి గారు పుస్తకం తెరిచారు. "'ఘన, ద్రవ, వాయు రూపములందున్న ఏదైనను' అని ఉంది సార్. గోడలు ఘనం. టీ ద్రవం. వాయువు అంటే, తమరు చెప్పి రాయించే ఉత్తరాలు..."

"చాలును."

జప్తు చేయవలసిన అధికారి మృత్యుంజయరావు గారే. జప్తు కావలసిన ఆఫీసూ ఆయనదే. ఆయన తనకు తాను నోటీసు ఇచ్చుకుని, అందినట్టు సంతకం పెట్టుకుని, తనను తాను ప్రతిఘటించలేదని రాసుకుని, సిబ్బందిని వరండాలోకి నడిపించారు. తలుపులకు తాళాలు వేసి, లక్క కరిగించి, కోర్టు పేరిట సీళ్లు వేశారు. ఆఖరి కిటికీకి సీలు వేసి చెయ్యి దులుపుకున్నాక అనసూయాదేవి గారు అడిగారు.

"సార్, లెటర్‌హెడ్లు ఎక్కడ?"

లోపల.

"సీలు విప్పుటకు కోర్టుకు దరఖాస్తు చేసికొందము."

"లెటర్‌హెడ్ మీద చేసుకోవాలి సార్."

ఆ దెబ్బతో మండలి ప్రాంతీయ కార్యాలయం సైకిళ్ల షెడ్డులోకి మారింది. దాలినాయుడు మాత్రం మృత్యుంజయరావు గారి గది కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అద్దం లోంచి లోపల రెక్కకూ గోడకూ మధ్య తన ఫైలు కనపడుతోంది. అట్ట మీద తన పేరు తలకిందులుగా ఉంది. చదివాడు. ఇరవై రెండేళ్లుగా దానికీ తనకూ మధ్య మనుషులుండేవాళ్లు. ఇప్పుడు కోర్టు సీలు వచ్చింది. మనుషులనైతే బతిమాలుకోవచ్చు.

"దాలినాయుడూ!" షెడ్డు లోంచి పిలుపు.

వెళ్లాడు. అందరూ మళ్లీ అతన్నే చూస్తున్నారు. ఈ చూపు అతనికి తెలుసు.

"జప్తు చేసిన సరుకు నుంచి నమూనా తీసి కోర్టుకు పంపాలి," అన్నారు అనసూయాదేవి గారు. "ఆఫీసును సీసాలో పట్టలేం కదా. ఆ సరుకులో బాగా నానిందై ఉండాలి. చేత్తో తీసుకెళ్లేట్టు ఉండాలి. మేమంతా బదిలీ అయిపోయేవాళ్లం. బదిలీ అయ్యే సరుకు నమూనాకు పనికిరాదు."

"ఇరవై రెండేళ్లు నానిన సరుకు మరొకటి లేదు," అన్నారు మృత్యుంజయరావు గారు. మొదటిసారి ఆయన గొంతులో గౌరవం లాంటిది వినిపించింది.

దాలినాయుడు అటూ ఇటూ చూశాడు. "నమూనాకి బిళ్ళ ఇస్తారా అమ్మగారూ?"

"చీటీ కడతాం. లక్కముద్రతో."

రోడ్డు మీద పోయే ఇద్దరు పెద్దమనుషుల్ని సాక్ష్యానికి పిలిచారు. దాలినాయుణ్ణి కొలిచారు, తూచారు. మెడలో పురికొస వేసి, ముడి మీద లక్క పోసి ముద్ర కొట్టారు. గుండె మీద చీటీ వేలాడింది: 'పదార్థం-ఇ, నమూనా ఒకటి. వాడకూడదు.' తరువాత జప్తు సొత్తు రిజిస్టరు తెరిచి రాశారు. అది ఆఫీసు మొత్తంలో ఒకే ఒక్క పర్మినెంటు రిజిస్టరు. అందులో చేరినదాన్ని ఎవరూ తీసెయ్యలేరు, బదిలీ చేయలేరు, రిటైరు చేయలేరు. దాలినాయుడు ఎదురుగా నిలబడి తలకిందులుగా చదివాడు. 'కేసు తేలువరకు శాశ్వతముగా భద్రపరచవలెను.'

నమూనాను ఎక్కడ భద్రపరచాలనే ప్రశ్న వచ్చింది. స్టోర్‌రూము సీలులో ఉంది. సన్యాసమ్మను పిలిపించి అప్పగింత రసీదు మీద వేలిముద్ర వేయించుకున్నారు. 'సదరు నమూనాను ఎండకు, వానకు, ఎలుకలకు గురికాకుండా కాపాడి, ప్రతిరోజూ పదిన్నరకు చెక్కుచెదరకుండా హాజరుపరచగలదానను' అని అందులో ఉంది. తిండి సంగతి, జప్తు చేసిన ఎడ్లకు ఏ నిబంధన ఉందో అదే.

ఇంటికి పోయాక సన్యాసమ్మ లక్కముద్రను దీపం దగ్గర పెట్టి చూసింది.

"ఇత్తడి కాదేటి ఇది?"

"లక్క."

"తోమితే అరిగిపోద్ది."

"ముట్టకే! పగిలితే ఆర్నెల్లు లోనేసీస్తారు. నిన్ను."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "పోనీ పర్మినెంటేనా?"

"కేసు తేలేదాకా."

"కేసెప్పుడు తేల్తాది?"

"ఏ మత్తెంతో పోల్సి సెప్పాల. పోల్సాలంటే సీలు ఇప్పాల. సీలు ఇప్పాలంటే పోల్సి సెప్పాల."

సన్యాసమ్మ వేళ్ల మీద ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి లెక్కపెట్టింది. ఎటు నుంచి లెక్కపెట్టినా అదే వేలి దగ్గరికి వచ్చింది. "అయితే ఇది తేలదు మావా," అంది. ఆ మాట అంటుండగానే ఆమెకు విషయం బోధపడి, లేచి వెళ్లి పక్కింట్లో పంచదార అడిగి తెచ్చి భర్త నోట్లో పోసింది.

*

మర్నాడు పదిన్నరకు ఆమె నమూనాను షెడ్డులో అప్పజెప్పి రసీదు తీసుకుని వెళ్లిపోయింది. నమూనాకు ఒక కుర్చీ వేశారు. నేల మీద పెడితే చెమ్మకు పాడవుతుందని.

మృత్యుంజయరావు గారు కాగితాల్లోంచి తలెత్తకుండానే అన్నారు. "దాలినాయుడూ, టీ."

దాలినాయుడు అలవాటు కొద్దీ సగం లేచాడు.

"సార్!" అనసూయాదేవి గారు ఉలిక్కిపడ్డారు. "వాడకూడదు! కోర్టు సొత్తు!"

దాలినాయుడు మళ్లీ కూర్చున్నాడు.

చివరికి మృత్యుంజయరావు గారే లేచారు. స్టవ్వు దగ్గరికి వెళ్లి, అగ్గిపెట్టె ఎక్కడుంటుందో తెలియక రెండుసార్లు చుట్టూ తిరిగి, దొరికించుకుని, టీ కాచారు. గ్లాసుల్లో పోశారు. రెండు చుక్కలు చేతి మీద పడి 'ఆ' అన్నారు.

"నమూనా ఎండిపోతే బాధ్యత తమరిది సార్," అన్నారు అనసూయాదేవి గారు.

మృత్యుంజయరావు గారు ఒక గ్లాసు తెచ్చి, రెండు చేతులతో, లక్కముద్రకు తగలకుండా జాగ్రత్తగా దాలినాయుడికి అందించారు. చక్కెర ఎక్కువైంది. దాలినాయుడు ఊదుకుని ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. తర్వాత డాక్టర్ నిహాల్ వైపు తిరిగాడు.

"బాబూ, తమరి కాయితంలో ఆఖర్న సున్నా ఏసినారు సూడండి, ఆనందవో ఏటో..."

"ఆ, అవును అంకుల్."

"అది దిద్దీసి పది ఏసీండి."